తొమ్మిదో ప్రశ్న

కిందటి వారం మనం గొంతు డాక్టరుని మైక్రోస్కోపు మీదికి వంచి వదిలేశాం. అతనింకా తల ఎత్తలేదు.

మైక్రోస్కోపు అద్దం కింద పసుపు రంగు పరుచుకుని ఉంది. ఆ పసుపులో నల్లటి దారాలు. పెన్నులో స్ప్రింగుని సాగదీసినట్టు, సన్నగా, మెలికలు తిరిగి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, ఎటు చూస్తే అటు అవే. ఆ ముక్క ఎవరి మెడలోదో అతనికి తెలుసు. నెల కిందట తన చేత్తోనే కోసి తీశాడు. అది అతని చెల్లెలి భర్త మెడలో గడ్డ. క్యాన్సరేమోనన్న భయంతో కోశాడు. కాదని రిపోర్టు రాగానే చెల్లెలికి ఫోన్ చేసి, "పండగ చేసుకోండి" అని చెప్పింది కూడా తనే.

"చూశావా?" అంది పెద్దావిడ, పక్క స్టూలు మీంచి.

అరవై దాటిన ఈ ల్యాబ్ డాక్టరమ్మ అతనికి కాలేజీలో పాఠాలు చెప్పింది. ఊళ్ళో డాక్టర్లందరికీ ఆమె పెద్దావిడే. ఆమె ముందు యాభై ఏళ్ళవాళ్ళు కూడా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు.

"చూశాను మేడమ్."

"అయితే పేరు చెప్పు."

"సిఫిలిస్."

"ఆహా, నోరు తిరుగుతోందే! నాలుగు నెలల కిందట ఏమైంది ఈ నోటికి?" అంటూ ఆమె ఫైలు తెరిచింది. "ఇదిగో, నీ చేతిరాతే. కుడి టాన్సిల్ మీద పుండు, నొప్పి లేదు. కుడివైపు మెడలో గడ్డ, గట్టిగా ఉంది, కదులుతోంది, నొక్కినా నొప్పి లేదు. నొప్పిలేని పుండూ నొప్పిలేని గడ్డా కలిసొస్తే ఏం అనుమానించమన్నాను మీ బ్యాచికి?"

"క్యాన్సరు. దానితోపాటే ఇది."

"నువ్వు గొంతునొప్పి మాత్రలు రాశావు. నొప్పే లేనివాడికి!"

"మూడు వారాల్లో పుండు మానింది మేడమ్."

"నీ మాత్రలకి మానిందనుకున్నావా? అది దానంతటదే మానుతుంది. అదే దాని మోసం. పైన మాని లోపలికి పాకుతుంది. రెండు నెలలు పోయాక గొంతులో తెల్లటి పొరలు, మెడకి రెండువైపులా గడ్డలు. అప్పుడు కత్తి పట్టుకున్నావు. పోనీ, నా రిపోర్టన్నా పూర్తిగా చదివావా? రెండు వాక్యాలు రాశాను."

మొదటి వాక్యం, క్యాన్సరు కాదని. దాన్ని చదివిన మరుక్షణం అతను ఫోన్ తీశాడు. రెండో వాక్యం ఇప్పుడు ఆమె వేలి కింద కనిపిస్తోంది: ప్లాస్మా కణాలు మామూలు కంటే చాలా ఎక్కువ, సిఫిలిస్ రక్తపరీక్ష చేయించడం అవసరం.

"నువ్వు చేయించలేదు. నాకే మనసొప్పక మిగిలిన ముక్కకి, క్రిములు నల్లగా కనబడేలా, వెండి రంగు వేసి చూశాను. సరే, ఎవరీ మనిషి? పెళ్ళయిందా?"

"అయింది."

"భార్యని వెంటనే పిలిపించు. కడుపుతో ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు. ఇది తల్లి నుంచి బిడ్డకి పోతుంది. బిడ్డ దక్కకపోవచ్చు కూడా. ఏంటి అలా చూస్తావు? ఎవరు వీళ్ళు, నీకు తెలిసినవాళ్ళా?"

చెప్పడానికి అదే సమయం.

"పేషెంటే మేడమ్. మామూలు పేషెంటు" అన్నాడు.

*

క్లినిక్‌కి తిరిగొచ్చి అతను మొదట చేసిన పని, చెల్లెలి ఫైలు అడగడం. చెల్లెలికి ఆరో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు. రెండుసార్లు పోయి, మూడోది నిలిచింది. గర్భిణులకి మొదటి నెలల్లోనే ఈ రక్తపరీక్ష చేస్తారు. కాన్పుల డాక్టరు రాసే పట్టికలో తప్పకుండా ఉంటుంది. అందులో ఏమీ లేదని వచ్చుంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇరవై ఏళ్ళుగా అతని దగ్గర పనిచేస్తున్న నర్సు ఫైలు తెచ్చి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఏమ్మా?"

"మీరు చూస్తే బాధపడతారు డాక్టరుగారూ."

పట్టికలో ఎనిమిది పరీక్షలున్నాయి. ఏడింటికి ఎదురుగా ఫలితాలున్నాయి. ఆరోదాని మీద అడ్డంగా నీలం సిరాతో ఒక గీత. ఆ సిరా అతనిదే, ఊళ్ళో ఇంకెవరూ వాడరు.

"అమ్మాయిగారిని అంత దూరం పంపడమెందుకు, రక్తం ఇక్కడే తీద్దామన్నారు మీరు. పట్టిక చూసి, 'మన పిల్లకి ఇదెందుకమ్మా, ఇది రోడ్డు మీద తిరిగేవాళ్ళకి' అని నవ్వుతూ కొట్టేశారు. నేను అన్నాను, డాక్టరుగారూ, అందరికీ చేసేదేగా అని."

"అన్నావా?"

"అన్నాను. 'నువ్వు కూడా ఏంటమ్మా' అన్నారు."

అతనికి తల కొట్టేసినట్టయింది. పెద్దావిడ తిట్టినప్పుడు కూడా ఇలా అనిపించలేదు. చదవని వాక్యాన్ని హడావిడి మీదికి నెట్టెయ్యొచ్చు. ఈ గీతని దేని మీదికి నెట్టాలి?

మర్నాడు పొద్దున్నే ఏడింటికి సూది పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. చెల్లెలి భర్త ఇంట్లో లేడు. వంతెనలు తనిఖీ చేసే ఇంజినీరు ఆయన. నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు.

"పొద్దున్నే రక్తం తాగడానికి వచ్చావా అన్నయ్యా? కాఫీ తాగరాదూ" అంది చెల్లెలు.

"ఐరన్ తగ్గిందేమో చూద్దామని చిట్టీ."

ముప్పై ఆరేళ్ళు వచ్చినా అతనికి ఆమె చిట్టే. ఆమె చెయ్యి చాపింది. రబ్బరు పట్టీ కడుతూ అతను అరచేతి వైపు చూశాడు. రాగిరంగు మచ్చలు, కందిగింజంత. రెండో చేతిలో కూడా ఉన్నాయి.

"ఇవేంటి?"

"దురదా లేదు, నొప్పీ లేదు. కోర్టులో టైపు కొట్టీ కొట్టీ వేళ్ళు అరిగిపోయాయి, ఇప్పుడు అరచేతుల వంతొచ్చినట్టుంది" అని నవ్వింది.

"తగ్గిపోతాయిలే" అన్నాడు అతను. ఆ మచ్చలేమిటో చదువుకున్న మనిషి అన్న మాట అది.

రక్తం గొట్టం మీద పేరు బదులు ఒక నంబరు వేశాడు. ల్యాబ్ చీటీలో 'గర్భిణియా' అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. పెద్దావిడకి మొహం ఎలా చూపించాలో తెలియక చేసిన పని అది. ఒక తప్పుని దాచడానికి ఇంకొకటి చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసినా చెయ్యి ఆగలేదు.

*

మధ్యాహ్నం పన్నెండున్నరకి క్లినిక్ ఖాళీ అయింది. ఇంజినీరు తలుపు తోసుకుని వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. ఎండకి కమిలిన మొహం, మెడ మీద ఇంకా ఎర్రగా ఉన్న కుట్ల మచ్చ. చేతిలో చిన్న సంచీ గలగలమంటోంది.

"ఊళ్ళో దిగగానే మీ నర్సు ఫోను. ఏంటి బావగారూ, అంత అర్జెంటు? ఇదిగో, ఉయ్యాలకి బోల్టులు. నాలుగు తెచ్చాను, మూడే పడతాయి, ఒకటి ఎక్కువే ఉండనీ అని."

"కూర్చోండి" అన్నాడు డాక్టరు.

ఇంజినీరు నవ్వు ఆగిపోయింది. "మీరు నన్ను 'అండీ' అంటున్నారేంటి? భయమేస్తోంది. మళ్ళీ గడ్డ వచ్చిందా? క్యాన్సరేనా?"

"కాదు."

డాక్టరు సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు జబ్బుతో వచ్చిన ప్రతి మనిషినీ అడగడానికి అతనే ఇరవై ఏళ్ళ కిందట రాసుకున్న తొమ్మిది ప్రశ్నల కాగితం. ఎనిమిది ప్రశ్నలు ఎవరి ముందైనా అడుగుతాడు. తొమ్మిదోదానికి మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. దాని దగ్గరికి రాగానే పెన్ను మూసి, వెంట వచ్చినవాళ్ళని బయటికి పంపిస్తాడు. తల్లయినా సరే, భర్తయినా సరే. ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతాడు: భార్యతో లేదా భర్తతో కాక మరెవరితోనైనా శారీరక సంబంధం ఉందా? లారీ డ్రైవర్నీ అడిగాడు, ప్రొఫెసర్నీ అడిగాడు. అడిగినందుకు ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాడు. అయినా మానలేదు. నిజం చెప్పినవాళ్ళు చాలామందే బాగుపడి వెళ్ళారు.

ఈ కాగితం ఇంజినీరుది, నాలుగు నెలల కిందటిది. తొమ్మిదో ప్రశ్న ఎదురుగా నీలం సిరాతో చిన్న అడ్డగీత ఉంది.

"ఇది నేను మిమ్మల్ని అడగలేదు" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు అడుగుతున్నాను."

ఇంజినీరు కాగితం వైపు చూశాడు. అతని చేతిలో సంచీ ఒకసారి గలగలమంది. తర్వాత దాన్ని చాలా నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

"ఉంది" అన్నాడు.

డాక్టరు కుర్చీలోంచి లేచిన సంగతి తనకే తెలియలేదు. బల్ల దాటి వెళ్ళి ఇంజినీరు చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఆ పిడికిలి కిందే కుట్ల మచ్చ ఉంది, తను కుట్టినదే.

"ఆరో నెల! దానికి ఆరో నెల తెలుసా నీకు? తొమ్మిదేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. నీకు ఒళ్ళు తెలియలేదా? ఇంట్లో అది ఉందని గుర్తు లేదా?"

"ఏం జబ్బు బావగారూ?"

"సిఫిలిస్!"

ఇంజినీరు కాలరు విడిపించుకోలేదు. కళ్ళు మాత్రం దించుకున్నాడు.

"ఒక్కసారే. నది మీద వంతెన పనికి వెళ్ళాను చూడండి, ఎనిమిది వారాలు. అక్కడ. పేరు కూడా సరిగ్గా తెలీదు. తిరిగొచ్చాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటే అద్దంలో చూసుకున్నాను. పుండు. నాకు అర్థమైపోయింది. తెలియని డాక్టరు దగ్గరికి వెళ్దామా అనుకున్నాను. మళ్ళీ, లేదు, మీ దగ్గరికే పోయి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. కొడితే కొడతారు, బాగు మాత్రం చేస్తారు కదా అని."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. మా ఆవిడ కూడా వస్తానంటే వద్దని ఒక్కణ్ణే వచ్చాను. మీ కాగితం సంగతి నాకు తెలుసు. మీరే ఎన్నోసార్లు చెప్పారు, ఆ ప్రశ్న అడిగితే మనుషులు ఎలా నిజం కక్కేస్తారో. సరే, అడిగినప్పుడు చెప్పేద్దామని కూర్చున్నాను. మీరు ఒకటి అడిగారు, రెండు అడిగారు. ఎనిమిది అయ్యేసరికి నాకు ముచ్చెమటలు పట్టేశాయి. అప్పుడు మీరు నా వైపు చూసి నవ్వారు. 'మనవాళ్ళకి ఇవన్నీ ఎందుకులే బావా' అని గీత గీసేశారు."

డాక్టరు పిడికిలి సడలింది.

"నా పాపాన్ని మీ మీద రుద్దట్లేదు" అన్నాడు ఇంజినీరు. "నోరు నాకుంది, నేనే చెప్పాల్సింది. కానీ ఆ గీత చూడగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో మీకు చెప్పలేను. పెద్దమనిషి, మంచి డాక్టరు, వీడికేం లేదని తేల్చేశాడు, ఇక లేనట్టేనని. మూడు వారాలకి పుండు కూడా మానింది. దాంతో నేనూ నమ్మేశాను. మా పనిలో వంతెనకి పగులు కనిపిస్తే రెండు కొసల్లో గీత గీసి తారీఖు వేస్తాం. మళ్ళీ వెళ్ళినప్పుడు ఎంత పెరిగిందో తెలియాలని. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాను. నా గొంతులో పగులుకి మాత్రం తారీఖు వెయ్యలేదు."

బయట నర్సు ఎవరినో "సాయంత్రం రండి" అని పంపిస్తోంది.

డాక్టరు వెళ్ళి తన కుర్చీలో కూలబడ్డాడు. చెల్లెలి ఫైలు తెరిచి, పట్టిక తీసి ఇంజినీరు ముందుకి తోశాడు. ఆరో పరీక్ష మీది గీతని వేలితో చూపించాడు.

"ఇది కూడా నాదే బావా" అన్నాడు. గొంతులో కోపం లేదు, పిలుపు కూడా పాతదే అయింది. "ఇది చేయించి ఉంటే నీ సంగతీ అప్పుడే బయటపడేది."

ఇంజినీరు ఆ గీతని చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"తనకి అంటిందా?"

"పొద్దున్న రక్తం తీశాను. అంటినా అంటకపోయినా మొగుడికి ఉంటే పెళ్ళానికి ఇంజెక్షను ఇవ్వాల్సిందే. పెన్సిలిన్. నయమవుతుంది. టైముకి ఇస్తే బిడ్డా బాగుంటుంది."

"అయితే ఇచ్చెయ్యండి" అంటూ ఇంజినీరు కుర్చీ ముందుకి జరిపాడు. "బలానికని చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్ళకి నానా సూదులూ వేస్తారుగా, ఇంకోటి అనుకుంటుంది. ఆవిడకి ఈ మాట తెలిస్తే, బావగారూ, ఈ సమయంలో తట్టుకుంటుందా? రెండుసార్లు పోయింది. నన్ను తర్వాత చంపినా పడతాను. ఇప్పుడు మాత్రం వద్దు."

డాక్టరు కాదనాలి. కానీ అతని కళ్ళు ఇంజినీరు మీద లేవు, పట్టిక మీదున్నాయి. చెల్లెలికి మొగుడి సంగతి తెలియకపోతే ఈ గీత సంగతీ తెలియదు. పొద్దున్న మచ్చలు చూసి 'తగ్గిపోతాయిలే' అన్నదీ తెలియదు. అన్నయ్య అన్నయ్యలాగే ఉంటాడు.

అప్పుడే ఫోను మోగింది. పెద్దావిడ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి.

"సార్, మీరు పొద్దున్న పంపిన నంబరు శాంపిలు. సిఫిలిస్ పరీక్ష నెగటివ్ సార్."

"సరిగ్గా చూశావామ్మా?"

"రెండుసార్లు చూశాను సార్. ఏమీ లేదు."

ఫోను పెట్టేసి, "లేదట" అన్నాడు. ఇంజినీరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. డాక్టరుకి మాత్రం కళ్ళ ముందు అరచేతులు కనిపిస్తూనే ఉన్నాయి, కందిగింజంత రాగిరంగు మచ్చలు. లేదని వచ్చిందిగా, అనుకున్నాడు. పరీక్ష కంటే తన కళ్ళు గొప్పవా? జీవితంలో మొదటిసారి కళ్ళకంటే కాగితాన్ని ఎక్కువ నమ్మాలనిపించింది.

లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి పెన్సిలిన్ సీసాలు తీసి ట్రేలో పెట్టాడు. ఒకటి ఇంజినీరుకి, ఒకటి చెల్లెలికి.

"బలానికని చెబుదాం" అన్నాడు.

ఇంజినీరు చెయ్యి చాపాడు. డాక్టరు ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి అరచేతులూ తడిగా ఉన్నాయి.

*

పావుగంట గడవలేదు. ఇంజినీరుకి సూది వేసి దూది అద్దుతుండగా మళ్ళీ ఫోను. ఈసారి పెద్దావిడే.

"ఏమయ్యా, ఆ నంబరు శాంపిలు ఎవరిది?"

"నెగటివ్ వచ్చిందని మీ అమ్మాయి చెప్పింది మేడమ్."

"అది కొత్త పిల్ల. నాకు ముందునుంచే అనుమానం. పేరు రాయలేదు, కడుపుతో ఉందో లేదో రాయలేదు. ఇరవై ఏళ్ళలో నువ్వు చీటీలో గడి ఖాళీ వదలడం నేను చూళ్ళేదు. అందుకే ఆ రక్తాన్ని పలచబరిచి మళ్ళీ పెట్టాను. విను. రక్తంలో ఆ జబ్బుతో పోరాడే సరుకు మరీ ఎక్కువైపోతే మొదటి పరీక్షకి చిక్కదు. జనం అందరూ ఒకేసారి తోసుకుంటే గుమ్మంలో ఇరుక్కుని ఒక్కడూ లోపలికి రాడు చూడు, అలాగ. లోపల చూసినవాడికి ఎవరూ రాలేదనే అనిపిస్తుంది. జనాన్ని తగ్గిస్తే అప్పుడు ఒక్కొక్కరే వస్తారు. ఎనిమిది రెట్లు పలచన చేశాను, తేలింది. పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. అరవై నాలుగు రెట్లు పలచన చేసినా ఇంకా పాజిటివ్."

డాక్టరు బల్ల అంచు పట్టుకున్నాడు.

"వింటున్నావా? కడుపుతో ఉన్నవాళ్ళలో ఇలాంటి మోసం జరుగుతుంటుంది. ఎన్నో నెల?"

"ఆరో నెల మేడమ్." అతను ఇంజినీరుకి వీపు తిప్పి గొంతు తగ్గించాడు. "మా చెల్లెలు."

పెద్దావిడ తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"నాయనా, టైముంది. ఇంజెక్షను ఈ రోజే వెయ్యి. నిజం కూడా ఈ రోజే చెప్పు. ఇప్పటిదాకా చెప్పలేదని నీ గొంతే చెబుతోంది. ఆమెకి మూడు వారాలు వరసగా సూది పడాలి. తర్వాత ప్రతి నెలా రక్తం చూడాలి, పుట్టగానే బిడ్డని చూడాలి. ఎందుకో తెలియని మనిషి వీటిలో ఏదో ఒకటి మానేస్తుంది. ఆ ఒక్కటీ బిడ్డకి పడుతుంది. నువ్వు దాచుకోవడానికి ఇక ఎక్కడా చోటు లేదు."

ఫోను పెట్టేశాడు. ఇంజినీరు చొక్కా సర్దుకుంటూ, "ఎవరు?" అన్నాడు. జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా!" అంది చెల్లెలు. కోర్టు భోజనాల బెల్లుకి వచ్చింది. ఒక చెయ్యి నడుముకి ఆనించి, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటోంది. "ఐరన్ సంగతి అడగడానికి వచ్చాను. ఏంటీ, ఇద్దరి మొహాలూ శిక్ష పడ్డ ముద్దాయిల్లా ఉన్నాయి? ఉయ్యాల విరగ్గొట్టారా?"

ఇంజినీరు కళ్ళతోనే డాక్టరుని బతిమాలాడు. ట్రేలో రెండో సీసా ఉంది. సూది కూడా సిద్ధంగా ఉంది. 'బలానికి' అన్న ఒక్క మాట చాలు.

డాక్టరు ట్రే పక్కకి జరిపాడు. సొరుగు లాగి కొత్త కాగితం ఒకటి తీశాడు. తొమ్మిది ప్రశ్నలు, తొమ్మిది ఖాళీ గడులు.

"కూర్చో చిట్టీ. కొన్ని ప్రశ్నలు అడగాలి. అందరినీ అడిగేవే. నిన్ను ముందే అడగాల్సింది."

"ఓ, ఇదా! ఈ కాగితం నేను టైపు చేసిందేగా, కాలేజీలో ఉన్నప్పుడు. నాలుగో ప్రశ్నలో అక్షరం ఇంకా పక్కకే ఉంది, దిద్దలేదా?" అని ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "అడగండి డాక్టరుగారూ. నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను."

అడిగాడు. గొంతు నొప్పి ఉందా? లేదు, కాస్త బొంగురుగా ఉంది. ఎన్నాళ్ళుగా? మూడు వారాలు. మెడ తడిమాడు. వేళ్ళ కింద గట్టిగా, గుండ్రంగా రెండు గడ్డలు జారాయి. నొప్పా? ఊహూఁ. పొగ తాగుతారా? "నువ్వు మానేశాక మన ఇంట్లో ఎవరూ తాగట్లేదు." ఏ మందైనా పడదా? "నీ ఐరన్ మాత్రలు." ప్రతి జవాబూ అతను పూర్తిగా రాశాడు. ఎనిమిది గడులు నిండాయి.

తొమ్మిదో గడి మీద పెన్ను ఆగింది. అడ్డంగా చిన్న గీత గీస్తే అయిపోతుంది. ఆ చేతికి అది అలవాటు కూడా.

"మీ ఆయనతో కాక..." అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మీ ఆయనతో కాక ఇంకెవరితోనైనా నీకు శారీరక సంబంధం ఉందా?"

"బావగారూ!" అంటూ ఇంజినీరు లేచాడు. కాలు తగిలి సంచీ ఒరిగింది. బోల్టులు నేల మీద దొర్లాయి. "తనని అడుగుతారేంటి? తప్పు నాదని చెప్పాను కదా! నాది!"

ఒక బోల్టు దొర్లుకుంటూ వచ్చి చెల్లెలి చెప్పు పక్కన ఆగింది. ఆమె దానివైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. అతని మెడ మీది మచ్చని, తడిసిన కళ్ళని, చొక్కా చేతి కింద దూదిని. ట్రేలో ఉన్న రెండో సీసాని కూడా చూసింది. కోర్టులో పదహారేళ్ళు మనుషుల వాంగ్మూలాలు టైపు కొట్టిన మనిషి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య జరిగేవన్నీ చూడటం ఆమెకి అలవాటే.

డాక్టరు ఆమె ఏడుస్తుందనుకున్నాడు. కనీసం ఎందుకని అడుగుతుందనుకున్నాడు. పట్టిక తీసి చూపించడానికి, ఆ నీలం గీత తనదేనని ఒప్పుకోవడానికి చెయ్యి ఫైలు మీద పెట్టాడు.

ఆమె అడగలేదు. మచ్చలున్న అరచేతుల్ని ఒడిలో బోర్లించి, అన్నయ్య కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"ఇంకేం తప్పులు చేశావో నాకు తెలీదు అన్నయ్యా. ఒక తప్పు మాత్రం కళ్ళముందే చేశావు" అంది. "తొమ్మిదో ప్రశ్న అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని ఈ కాగితం పైనే ఉంది. నువ్వు చెబితే నేనే టైపు కొట్టాను."

పెన్ను ఇంకా గడి మీదే ఉంది.

"ముందు ఆయన్ని బయటికి పంపించు. అప్పుడు జవాబు చెబుతాను."